డబ్బా మీద తేదీ ఒక్కటే, లోపల సరుకులు మూడు

ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి ఒక పాఠకుడు వివరంగా ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. భార్య, మూడేళ్ల పాపతో అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఏప్రిల్‌లో ఒక దుకాణంవాళ్లు సరుకు ఖాళీ చేస్తుంటే, ఇంట్లో బీరు కాచుకునే కిట్లు డబ్బా నాలుగు పౌండ్ల చొప్పున ఎనిమిది కొన్నారు. మామూలు ధర దానికి మూడింతలు. సగం డబ్బు ఈయనది, సగం అదే ఊళ్లో ఉంటున్న స్నేహితుడిది. డబ్బాల మీద ‘బెస్ట్ బిఫోర్’ తేదీ దగ్గరపడింది. లాగర్ (లేత రంగు బీరు) డబ్బాలకు ఇంకా ఏడు వారాలుంది, స్టౌట్ (నల్లటి బీరు) డబ్బాలకు దాటి రెండు నెలలైంది.

మొదట ఒక లాగర్ కిట్ పులియబెట్టారు. బకెట్‌ను ఇంట్లో వాడే బ్లీచ్‌తో కడిగారు, డబ్బాతో వచ్చిన ఈస్టే (చక్కెరను తిని ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి) వేశారు, కాగితం మీద రాసినట్టే కిలో పంచదార కలిపారు, వెచ్చగా ఉంటుందని బాయిలర్ ఉన్న అలమరలో పెట్టారు. అక్కడ 28 డిగ్రీలుంది. చివరికి వచ్చింది పల్చటి బీరు, పుల్ల ఆపిల్ వాసన, గొంతు దిగాక ఆసుపత్రి మందు రుచి. ఆయన భార్య ఒక్క గుక్క తాగి, ‘పాడైన సరుకు తెచ్చి కడుపులో పోసుకుంటారా, అన్నీ పారేయండి’ అన్నారట. రెండోసారి బిటర్ (రాగి రంగు, చేదు బీరు) కిట్. ఈసారి 22 డిగ్రీల్లో పెట్టారు గానీ, హైడ్రోమీటర్ (బీరులో చక్కెర తగ్గేకొద్దీ తక్కువ అంకె చూపే గాజు గొట్టం) 1.020 దగ్గర ఆగి పది రోజులుగా కదల్లేదు. స్నేహితుడు తొందరపెడితే నాలుగు రోజుల క్రితం అరలీటరు గాజు సీసాలు పన్నెండింటిలో చక్కెర వేసి నింపి బిగించేశారు. అవి అదే అలమరలో ఉన్నాయి. మిగతా 17 లీటర్లు బకెట్‌లోనే ఉన్నాయి.

ఇంకా విప్పని డబ్బాలు ఆరు. లాగర్ మూడు (అందులో ఒకదాని మూత ఉబ్బింది), బిటర్ ఒకటి, స్టౌట్ రెండు. ఆరు వారాల్లో స్నేహితుడి గృహప్రవేశం విందు, నలభై మంది వస్తారు. లాగర్ల తేదీ దాటకముందే ఆరూ చేసేయాలని, విందులో సీసాకు ఒక పౌండు తీసుకుని పెట్టుబడి రాబట్టుకోవాలని ఆ స్నేహితుడి పట్టు. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య తనకూ రెండు కిట్లు తెమ్మంటున్నాడు. ‘ఇవి వాడొచ్చా, పారేయాలా? వీళ్లందరికీ ఏం చెప్పాలి?’ అని అడిగారు.

మీరు అడిగినవాటి కంటే ముందు మీరు అడగనిది ఒకటి చెప్పాలి. అలమరలో ఉన్న ఆ పన్నెండు సీసాల సంగతి ఇవాళే చూడండి.

బిటర్ మామూలుగా 1.012 దాకా దిగుతుంది. మీది 1.020 దగ్గర ఆగింది. అంటే ఈస్ట్ తినగలిగిన చక్కెర ఇంకా ఎనిమిది పాయింట్లు (చివరి అంకెల్లో 20కీ 12కీ తేడా) మిగిలి ఉండొచ్చు. లీటరుకు లెక్కేస్తే దాదాపు 16 గ్రాములు. గ్యాసు పట్టడానికి సీసాల్లో మనం కావాలని వేసేది లీటరుకు 6, 7 గ్రాములే. మీరు అదీ వేశారు. బాయిలర్ వేడికి నిద్రపోయిన ఈస్ట్ మళ్లీ లేస్తే, సీసా తట్టుకోవలసిన గ్యాసు కంటే రెండింతలకు పైగా పుడుతుంది. అప్పుడు గాజు పగులుతుంది, ముక్కలు గది అంతా ఎగురుతాయి. పాప బట్టలు ఆరేది కూడా ఆ అలమరలోనే అని రాశారు.

పాపను ఇంకో గదిలో ఉంచండి. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకోండి. సీసాల మీద దళసరి తువ్వాలు కప్పి, ఒక్కొక్కటే ఊపకుండా తీసి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. చల్లబడితే ఈస్ట్ ఆగుతుంది, గ్యాసు ద్రవంలోకి దిగి ఒత్తిడి తగ్గుతుంది. మర్నాడు సింకులో పెట్టి, తువ్వాలు చుట్టి, మూతలు మెల్లగా సడలించండి. ఫ్రిజ్‌లో చోటు చాలకపోతే ఒక రోజుకు కూరగాయలు బయట పెట్టండి, సీసాలను మాత్రం బయట ఉంచొద్దు. గ్యాసు పోయాక కొత్త మూతలు బిగించి, వారానికోసారి మళ్లీ గ్యాసు వదులుతూ పోవచ్చు, కానీ ఒక్క వారం మరిచిపోతే ప్రమాదం మళ్లీ మొదటికొస్తుంది. తిరిగి బకెట్‌లో పోస్తే గాలి తగిలి తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది, బకెట్‌లో ఉన్న 17 లీటర్లూ దానితో పాటే చెడతాయి. పారబోస్తే పోయేది ఆరు లీటర్లు, మీరు పెట్టిన ఖర్చు ప్రకారం పౌండున్నర. మూడింట్లో నేను పారబోయమనే అంటాను.

ఇక బకెట్‌లో ఉన్న 17 లీటర్లు. ముందు హైడ్రోమీటర్‌నే అనుమానించండి. 20 డిగ్రీల మామూలు నీళ్లలో వేస్తే అది 1.000 చూపించాలి. అక్కడే 1.004 చూపిస్తే మీ 1.020 అసలుకు 1.016. గాజు గొట్టం చుట్టూ బుడగలు పట్టుకున్నా పైకి తేలి ఎక్కువ చూపిస్తుంది, వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పి అప్పుడు చదవండి. అంకె నిజమేనని తేలితే, బకెట్‌ను అదే 22 డిగ్రీల దగ్గర ఉంచి, శుభ్రం చేసిన గరిటెతో అడుగున పేరుకున్న మడ్డిని నురగ రాకుండా నెమ్మదిగా లేపండి. నాలుగైదు రోజులు చూడండి. అప్పటికీ కదలకపోతే కొత్త ఈస్ట్ వేయాలి. పొట్లం చింపి నేరుగా పైన చల్లితే లాభం లేదు. ఆల్కహాల్ ఉన్న, తిండి తక్కువున్న ద్రవంలో పొడి ఈస్ట్ లేవదు. పొట్లాన్ని 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న గోరువెచ్చటి నీళ్లు 100 మిల్లీలీటర్లలో పావుగంట నాననిచ్చి, మరిగించి చల్లార్చిన మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ సారం) నీళ్లు ఒక గ్లాసు కలిపి, నురగ బాగా పొంగుతున్నప్పుడు బకెట్‌లో పోయండి. ఇదీ అయ్యాక రెండు రోజుల తేడాతో చూసిన రెండు అంకెలూ ఒకటే అయితే, అది ఎంతైనా సరే, అదే దాని చివర అనుకోవచ్చు. పాత డబ్బాలు 1.016 దగ్గరే నిలిచిపోవడం మామూలే. అప్పుడు కూడా గాజుకు బదులు ప్లాస్టిక్ సీసాల్లో నింపండి. నొక్కి చూస్తే ఎంత గట్టిపడిందో చేతికే తెలుస్తుంది, మూత కాస్త వదిలితే సరిపోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. బ్రిటన్‌లో ‘యూజ్ బై’ అంటే ఆరోగ్యానికి సంబంధించిన గడువు, దాన్ని దాటకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ అంటే రుచికి సంబంధించిన మాట. అది దాటిన సరుకు అమ్మినా నేరం కాదు, తిన్నా విషం కాదు. మీ డబ్బాల్లో ఉన్నది తేనెలా చిక్కటి మాల్ట్ పాకం. అందులో ఐదో వంతే నీళ్లు. అంత తీపిలో సూక్ష్మజీవులు పెరగలేవు, తేనె ఏళ్లకేళ్లు నిలవున్నట్టే. కాబట్టి మీ ఆవిడ భయపడ్డట్టు కడుపుకు హాని చేసే సరుకు కాదది. ఉబ్బిన మూత విషయం మాత్రం వేరు. లోపల ఏ కారణంగా గ్యాసు పుట్టిందో బయటినుంచి తేల్చలేం. ఆ లాగర్ డబ్బాను తెరవకుండానే పారేయండి. అంచు కుట్టు దగ్గర నొక్కుకుపోయినా, తుప్పు పట్టి కారుతున్నా ఇదే మాట.

చిక్కేమిటంటే తేదీ ఒక్కటే గానీ కిట్‌లో సరుకులు మూడు. పాకం, అందులో కలిసి ఉన్న హాప్స్ (బీరుకు చేదు, పరిమళం ఇచ్చే పువ్వులు) చేదు, మూత కింద ఈస్ట్ పొట్లం. మూడూ ఒకే వేగంతో ముసలివి కావు.

అన్నిటికంటే ముందు పోయేది ఈస్ట్. అది ప్రాణమున్న సరుకు. ఫ్రిజ్‌లో ఉంటే ఏళ్లు బతుకుతుంది. దుకాణం అరలో, గోదాములో, ఎండ తగిలే వ్యాన్‌లో రెండేళ్లు తిరిగితే పొట్లంలో చాలా భాగం చచ్చిపోతుంది. అసలు కిట్లలో ఇచ్చేదే ఆరేడు గ్రాములు. అది తాజాగా ఉన్నా 23 లీటర్లకు బొటాబొటి. మీ బిటర్ మధ్యలో ఆగిపోవడానికి మొదటి అనుమానితుడు ఇదే. అన్నిటికంటే తేలిగ్గా, చవగ్గా మార్చగలిగిందీ ఇదే. నాలుగు పౌండ్లు పెడితే 11 గ్రాముల మంచి ఈస్ట్ వస్తుంది.

తర్వాతది పాకం. కొత్త బెల్లానికీ, ఏడాది నిలవున్న బెల్లానికీ తేడా మీకు తెలుసు. వాసన మారుతుంది, రంగు నల్లబడుతుంది. మాల్ట్ పాకంలో కూడా చక్కెరలు, ప్రోటీన్ నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి కలిసి మెల్లగా ముదురుతాయి. దీన్ని మెయిలార్డ్ చర్య అంటారు. రొట్టె కాల్చినప్పుడు నిమిషాల్లో జరిగేది డబ్బాలో నెలల తరబడి జరుగుతుంది. దానివల్ల నష్టాలు రెండు. రంగు, రుచి మారడం ఒకటి. రెండోది పైకి కనబడదు. ఆ అమైనో ఆమ్లాలే ఈస్ట్‌కు తిండి. అవి ఖర్చైపోతే, అసలే నీరసంగా ఉన్న ఈస్ట్‌కు తిండి కూడా కరువవుతుంది. అలా రెండూ కలిసి 1.020 దగ్గర కూర్చుంటాయి.

డబ్బా తెరిచినప్పుడు అంచనా వేయడం కష్టం కాదు. చెంచాడు పాకం తీసి తెల్ల పింగాణీ పళ్లెం మీద జారవిడవండి. లాగర్ పాకం తేనె రంగులో ఉండాలి. టీ డికాక్షన్ రంగుకు వచ్చిందంటే వయసైందని. ఆ చెంచాను అరగ్లాసు వేడినీళ్లలో కలిపి, చల్లార్చి, నోట్లో పోసుకుని చూడండి. కాచిన బెల్లం, ఎండు ఖర్జూరం లాంటి రుచి వస్తే వాడుకోవచ్చు. సోయా సాస్ రుచో, పెన్ను ఇంకు వాసనో వస్తే అది పులిశాక పోదు, ఇంకా ముందుకొస్తుంది. దానితో లాగర్ తలపెట్టకండి.

మూడోది హాప్స్. చేదు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పరిమళం మాత్రం దాదాపు మిగలదు. కొన్ని కిట్లలో విడిగా ఎండు హాప్స్ పొట్లం ఉంటుంది. తెరవగానే పచ్చిగడ్డి, నిమ్మతొక్క వాసన రావాలి. పాత జున్ను వాసనో, చెమట పట్టిన సాక్సు వాసనో వస్తే అవతల పారేయండి.

ఇంతకీ మీ మొదటి బీరు చెడింది తేదీ వల్ల కాదు. ఆసుపత్రి వాసన బ్లీచ్‌ది. క్లోరిన్ మాల్ట్‌లోని పదార్థాలతో కలిస్తే క్లోరోఫినాల్ పుడుతుంది. చుక్కలో వెయ్యో వంతు ఉన్నా నాలుక పట్టేస్తుంది. ఇక పల్చదనం కిలో పంచదార పని. బీరులో సగానికి దగ్గరగా సారం పంచదార నుంచే వస్తే మాల్ట్ ఇచ్చే ఒళ్లు, అంటే నోటికి తగిలే చిక్కదనం, ఎక్కడుంటుంది? పుల్ల ఆపిల్ వాసన 28 డిగ్రీల వేడిది, బలహీనమైన ఈస్ట్‌ది. మే నెలలో ఇడ్లీ పిండి రాత్రికి రాత్రే పుల్లబడుతుంది కదా, ఈస్ట్ కూడా వేడెక్కితే తొందరపడి రకరకాల వాసనలు వదులుతుంది. కిట్ కాగితం మీద 21 నుంచి 27 డిగ్రీలని రాసి ఉండొచ్చు. అది ఎలాగోలా పులిసే హద్దు. రుచికి 18 నుంచి 20 మధ్య ఉండాలి. నిన్న దుకాణంలో దిగిన తాజా డబ్బాతో మీరు ఇలాగే చేసినా ఇదే బీరు వచ్చేది.

కాబట్టి తేదీలోపే ఆరూ చేసేయాలన్న తొందర అక్కర్లేదు. తేదీకి ముందు రోజుకూ, తర్వాతి రోజుకూ పాకంలో తేడా ఏమీ ఉండదు. దాన్ని ముదిరిపోయేలా చేసేది వేడి. ఉబ్బనివి రెండు లాగర్లున్నాయి కదా, ఆ పన్నెండు సీసాలు ఖాళీ అయ్యాక వాటిని ఫ్రిజ్ కింది అరలో పెట్టేయండి. నాలుగు డిగ్రీల దగ్గర అవి ముదరడం చాలా నెమ్మదిస్తుంది, మీకు మూడు, నాలుగు నెలలు చేతికొస్తాయి. స్టౌట్లకు ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, మెట్ల కింద చల్లటి చోటు చాలు. నల్లటి బీరులో పాకం ఇంకాస్త నల్లబడితే ఎవరికీ తెలియదు, కాలిన బెల్లం రుచి అక్కడ ఇమిడిపోతుంది కూడా. రెండు నెలలు దాటిన స్టౌట్ డబ్బా ఏడు వారాలున్న లాగర్ డబ్బా కంటే నమ్మదగ్గదని మీ స్నేహితుడికి చెబితే వింతగా చూస్తారేమో గానీ, నిజం అదే.

విందుకు ఏది చేయాలి? నన్నడిగితే మిగిలిన బిటర్. దాని రాగి రంగులో వయసు కలిసిపోతుంది, తక్కువ గ్యాసుతోనే బాగుంటుంది, త్వరగా తయారవుతుంది. లెక్క చూడండి. పులియడానికి రెండు వారాలు, సీసాల్లో గది వేడిమి దగ్గర రెండు వారాలు, ఆపైన ఒక వారం చల్లగా. మొత్తం ఐదు వారాలు. అంటే ఈ శనివారం మొదలుపెడితేనే అందుతుంది. మీ బకెట్‌లో ఇప్పటికే 17 లీటర్లు కూర్చుంది కాబట్టి రెండో బకెట్ కావాలి, పన్నెండు పౌండ్ల దాకా అవుతుంది. అది కొనడం ఇష్టం లేకపోతే ఉన్న 17 లీటర్లను వదులుకోవాలి. దాన్ని కాపాడుకుంటూ కొత్తది విందుకు అందించడం ఒక్క బకెట్‌తో జరిగే పని కాదు.

బిటర్ ఇలా చేయండి. బకెట్, మూత, గరిటె, కుళాయి విప్పదీసి ముందు సబ్బులేని క్లీనర్‌తో కడగండి. మురికి మీద శానిటైజర్ పనిచేయదు. తర్వాత కడగనక్కర్లేని ఆమ్లం రకం శానిటైజర్, స్టార్‌శాన్ లాంటిది, లీటరు నీళ్లకు ఒకటిన్నర మిల్లీలీటరు కలిపి అంతా తడిపి రెండు నిమిషాలు ఉంచి వంచేయండి. నురగ మిగిలినా పరవాలేదు. బ్లీచ్ మాత్రం ఇక ఆ బకెట్ దరిదాపులకు రానివ్వకండి. కుళాయి నీళ్లలో కూడా క్లోరిన్ ఉంటుంది. 20 లీటర్లకు పావు క్యాంప్‌డెన్ మాత్ర (బీరు సామాను దుకాణాల్లో దొరికే సల్ఫైట్ మాత్ర) నలిపి కలిపితే ఆ క్లోరిన్ నిమిషాల్లో విరిగిపోతుంది.

డబ్బా కాగితం ఊడదీసి, ఈస్ట్ పొట్లం పక్కన పెట్టి, డబ్బాను వేడినీళ్లలో పావుగంట నిలబెట్టండి, పాకం జారుతుంది. పెద్ద గిన్నెలో రెండు లీటర్ల నీళ్లు మరిగించి, అందులో లేత రంగు ఎండు మాల్ట్ పొడి 100 గ్రాములు, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ (ఇది హాప్స్ రకం పేరే, పులియబెట్టే ఈస్ట్ కాదు) గానీ ఫగుల్ గానీ తాజా హాప్స్ 15 గ్రాములు వేసి పది నిమిషాలు ఉడికించండి. పోయిన పరిమళం కొంత ఇలా తిరిగొస్తుంది. చివరి ఐదు నిమిషాలు ఉందనగా డబ్బాతో వచ్చిన పాత ఈస్ట్ పొట్లాన్ని కూడా ఆ మరుగులోనే వేసేయండి. చచ్చిన ఈస్ట్ కొత్త ఈస్ట్‌కు మంచి తిండి, పాకంలో కొరవడ్డ పోషకాలు కొంత దానితో తీరతాయి. పొయ్యి ఆర్పేశాకే పాకం పోయండి. మంట మీద పోస్తే అడుగంటి మాడు వాసన వస్తుంది. మిగతా 400 గ్రాముల మాల్ట్ పొడి, పంచదారకు బదులు 300 గ్రాముల డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ పొడి) కలిపి, హాప్స్ వడగట్టి బకెట్‌లో పోయండి. మాల్ట్ పొడిని ఆవిరి మీద పోస్తే తడి గోధుమపిండిలా ఉండలు కడుతుంది, ముందు చన్నీళ్లలో జారుగా కలుపుకోండి.

చన్నీళ్లతో 20 లీటర్లకు తీసుకురండి. డబ్బా మీద 23 అని ఉంటుంది, కానీ పాత పాకానికి మూడు లీటర్లు తగ్గిస్తే ఒళ్లు నిలుస్తుంది. నీళ్లను ఎత్తు నుంచి పోయండి. ఈస్ట్‌కు ఆక్సిజన్ కావలసిన సమయం ఇదొక్కటే, పులియడం మొదలయ్యాక గాలి తగలకూడదు. హైడ్రోమీటర్ దాదాపు 1.040 చూపించాలి. వేడి 20 డిగ్రీలకు దిగాక 11 గ్రాముల కొత్త ఈస్ట్ పైన చల్లి మూత పెట్టండి. అలమరలో వద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో, ఒక వెడల్పాటి టబ్బులో చన్నీళ్లు పోసి అందులో బకెట్ నిలబెట్టండి. ఎండ ముదిరిన రోజున ఆ నీళ్లలో గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి వేసి సాయంత్రం మార్చండి. మొదటి మూడు రోజులు ఈ శ్రద్ధ ఉంటే చాలు, రుచి అప్పుడే తేలిపోతుంది.

పద్నాలుగో రోజు కొలవండి, మళ్లీ రెండు రోజులకు కొలవండి. రెండూ 1.010, 1.012 మధ్య ఒకే అంకె అయితే నింపండి. మూడు చిల్లర శాతం ఆల్కహాల్ వస్తుంది, విందుకు అది హాయి. చక్కెరను సీసా సీసాకు చెంచాతో వేయకండి, చేతి కొలత ఎక్కువ తక్కువవుతుంది. 110 గ్రాములు కొంచెం నీళ్లలో మరిగించి చల్లార్చి, శుభ్రమైన ఇంకో పాత్రలో పోసి, దాని మీదకు గొట్టంతో బీరు చప్పుడు లేకుండా దించండి. ముప్పై ఎనిమిది సీసాల దాకా వస్తాయి. నలభై మందికి అదే సరిపోదు కాబట్టి కొంత బయట కొనాలని మీ స్నేహితుడికి ఇప్పుడే చెప్పేయండి. అన్నీ మీ చేతి మీదే ఆధారపడితే మళ్లీ 1.020 దగ్గర సీసాలు నింపాల్సిన పరిస్థితి వస్తుంది.

లాగర్ రెండూ ఆగస్టు దాటాక, చల్లబడ్డాక చేయండి. లాగర్ వస్తుందని మాత్రం ఆశపెట్టుకోవద్దు. అర కిలో మాల్ట్ పొడి, అర కిలో డెక్స్‌ట్రోజ్, 18 డిగ్రీల్లో శుభ్రంగా పులిసే అమెరికన్ ఏల్ (లాగర్ కంటే వెచ్చగా పులిసే బీరు) ఈస్ట్, నింపడానికి నాలుగు రోజుల ముందు 30 గ్రాముల క్యాస్కేడ్ హాప్స్ బకెట్‌లో. బంగారు రంగు దాటి తేనె రంగు ఏల్ అవుతుంది, నిమ్మతొక్క పరిమళం పాత పాకం రుచిని కప్పుతుంది.

స్టౌట్‌కు రెండు దారులున్నాయి. ఒక్కో డబ్బాకు అర కిలో మాల్ట్ పొడి, 300 గ్రాముల నల్ల మస్కొవాడో చక్కెర వేసి విడివిడిగా చేయొచ్చు. లేదా రెండు డబ్బాలూ ఒకే బకెట్‌లో పోసి, చక్కెర అసలే లేకుండా 23 లీటర్లు చేయొచ్చు. రెండో దారిలో ఒళ్లు అద్భుతంగా ఉంటుంది, కానీ చేదు కూడా రెండింతలవుతుంది. రెండు మూడు నెలలు సీసాల్లో ఉంటే గానీ నునుపెక్కదు. కాఫీ చేదు ఇష్టపడేవాళ్లకు అది పండగే, కొత్తవాళ్లు మొదటి గుక్కకే పక్కన పెడతారు.

డబ్బు సంగతి. నాలుగు పౌండ్ల డబ్బాకు ఈస్ట్, మాల్ట్, హాప్స్, డెక్స్‌ట్రోజ్ కలిపి ఇంకో పది, పన్నెండు పౌండ్లు అవుతుంది. అంటే 20 లీటర్లకు పదిహేను పౌండ్ల చుట్టూ. అరలీటరుకు నలభై పెన్నీలే గానీ, నాలుగు పౌండ్లకే బీరు అన్న మాట నిజం కాదు. ఆ పైఖర్చు పెట్టకపోతే డబ్బా ఎంత చవకైనా అది మీ మొదటి బీరే. మీ స్నేహితుడితో మాట్లాడేటప్పుడు ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి. సగం తనదే కాబట్టి పైఖర్చులోనూ సగం తనది, అడగడానికి మొహమాటం వద్దు. ఒప్పుకోకపోతే మిగిలిన ఐదు డబ్బాల్లో స్టౌట్ ఒకటి, లాగర్ ఒకటి ఆయనకిచ్చేయండి, బిటర్ మీ దగ్గర పెట్టుకోండి. మాట రాకుండా పోతుంది.

సీసాకు పౌండు అన్నది మాత్రం ఒప్పుకోకండి. బ్రిటన్‌లో ఇంట్లో బీరు కాచుకోవడానికి ఒకప్పుడు లైసెన్సు ఉండేది. 1963 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మౌడ్లింగ్ దాన్ని తీసేశారు. అప్పటినుంచి సొంత ఇంటి వాడకానికి కాచుకుంటే సుంకం లేదు. డబ్బు తీసుకుంటే అది అమ్మకం. దానికి రెవెన్యూ శాఖ అనుమతి, సుంకం, అమ్మే లైసెన్సు అన్నీ కావాలి. వీసా మీద ఉన్న మనిషి నలభై పౌండ్ల కోసం తల దూర్చవలసిన వ్యవహారం కాదు. అన్నయ్యకు కూడా ముందే వద్దని చెప్పండి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అమలులో ఉన్న 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. ఇంట్లో తాగడానికే అన్నా మినహాయింపు లేదు.

ఇక మీ ఆవిడ. సరుకు విషం అన్నచోట ఆమె పొరబడ్డారు గానీ, తాగినదాని గురించి ఆమె నాలుక చెప్పింది అక్షరాలా నిజం. బ్లీచ్ రుచి మీకంటే ముందు ఆమే పట్టారు. సీసాలు పేలే అవకాశం ఉందన్న సంగతి కూడా దాచకుండా ఇవాళే చెప్పండి. ఎలాగూ ఫ్రిజ్ ఖాళీ చేయాలి, కారణం అడుగుతారు. బాయిలర్ అలమర ఆమెకు వదిలేయండి, బకెట్‌కు ఇంకో చోటు ఇద్దరూ కలిసి చూడండి, సీసాల పెట్టె పాపకు అందని చోట, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉండేలా చూడండి. శనివారం బిటర్ డబ్బా తెరిచినప్పుడు పింగాణీ పళ్లెం మీద ఆ చెంచాడు పాకం, అరగ్లాసు నీళ్ల పరీక్ష ఆమెకే ముందు ఇవ్వండి. ఇంకు వాసన అంటే ఇంకు వాసనే, ఆ డబ్బా అక్కడితో ఆపేసి స్టౌట్ తెరవండి. పోయేది నాలుగు పౌండ్లు.